క్యారంబోర్డు మీద ఉప్పు

బుద్ధెరిగాక ఒక్క వీడియో గేమూ ఆడని మనిషికి ఏ ఆట చేతిలో పెడితే అతుక్కుపోతాడు? ఈ మధ్య మా ఇంట్లో దీనిమీద పెద్ద వాదన జరిగింది. ఆ మనిషిని నేనే. మోకాలి ఆపరేషన్ అయ్యాక నన్ను కుదురుగా ఓ చోట కూర్చోబెట్టాలని మనవలూ మనవరాళ్ళూ కలిసి వీడియో గేములు ఏరడం మొదలుపెట్టారు. ఒకడు కార్ల పందెం అన్నాడు. ఇంకొకతె, పైనుంచి ఇటుకలు రాలుతుంటే కింద సందు లేకుండా పేర్చడమే తాతకి తగినదని, దానికి కథా కాకరకాయా అక్కర్లేదని పట్టుబట్టింది. మూడోవాడు తోట పెంచే ఆట తెచ్చాడు. విత్తనం నాటితే కాఫీ తాగేలోపు కాయ కాస్తుందిట.

కార్ల పందెంలో మొదటిసారే గెలిచానని మా వీధంతా చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే తెరమీద రెండు సగాలుంటే నేను చూస్తున్నది మా మనవరాలి సగం. నా కారు గోడకి ముక్కు ఆనించి గెలుపుదాకా అక్కడే ఉంది. ఇటుకల ఆట మాత్రం పట్టుకుంది, ఒక మధ్యాహ్నం భోజనం మరిచిపోయాను. తోట ఆటని ముట్టుకోకుండానే తిరిగిచ్చేశాను. మోకాలు నొప్పన్నాను. వేలితో ఆడే ఆటకీ మోకాలికీ ఏమిటి సంబంధమని ఎవరూ అడగలేదు.

లోకంలో ఇలాంటి వాదన ఇదే మొదలన్నట్టు పిల్లలు కొట్టుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. ఈ శాస్త్రంలో నేను వాళ్ళకంటే పెద్దవాణ్ణి. పందొమ్మిదివందల అరవైల చివర్లో, అప్పటికి మా ప్రాంతంలో దొరికే ఆటలన్నిటినీ ఒక్కొక్కటిగా ఒకే మనిషిమీద ప్రయోగించి చూశాను. ఆయన మా అక్క మొగుడు. అది పొద్దుపోవడానికి పెట్టుకున్న పని కాదు. ఆయన మంచం దిగుతాడా, దిగడా అన్నదే అక్కడి సంగతి.

నేను అప్పుడు టెక్కలి తాలూకా ఆఫీసులో గుమాస్తాని. తాసిల్దారు నన్నడగకుండా సంతకం పెట్టేవాడు కాదని చాలాకాలం చెప్పుకుంటూ వచ్చాను. సంతకం పెట్టేముందు ఆయన నన్నడిగేది కలంలో సిరా పోశావా అని. బావది ఉద్దానంలో అక్కుపల్లి పక్క చిన్న ఊరు. ఇంటి వెనక మొదలైన తోట సముద్రం వైపు సాగి ఉప్పుటేటి గట్టుదాకా వెళ్ళేది. కొబ్బరి, జీడి, పనస. ఆ తోటలోకి అడుగుపెడితే మిట్టమధ్యాహ్నం కూడా దీపం కావాలనేవాణ్ణి. దీపం మాట అబద్ధంగానీ, గొడుగు అక్కర్లేదన్నది మాత్రం నిజం. బావకి పేకాటా తెలీదు, కోడిపందెం తెలీదు, చిన్నప్పుడు గోళీలు ఆడినట్టు కూడా ఎవరూ చెప్పలేదు. ఏ చెట్టు ఏ ఏడు ఎంత కాసిందో అడిగితే చెప్పేవాడు. అంతే ఆయన కబుర్లు.

ఆ ఏడు తుఫాను పట్టింది. గాలికి కొబ్బరి చెట్లు సగం పడిపోయాయి. అది ఉద్దానం వాళ్ళకి కొత్త కాదు. పడ్డవాటిని నరికించి, ఏడ్చి, మళ్ళీ నాటుతారు. ఈసారి ఉప్పుటేరు వెనక్కి పొంగి సముద్రపు నీళ్ళు తోటలోకొచ్చాయి. తోట మధ్య నేల కొంచెం పల్లం. వచ్చిన నీళ్ళు అక్కడే నిలబడి, ఎండకి ఇంకి, నేలమీద తెల్లగా పెచ్చు కట్టాయి. గాలికి నిలబడిన జీడీ పనసా వేళ్ళనుంచి మాడడం మొదలుపెట్టాయి. బావ ఒకరోజు తోటంతా తిరిగి ఇంటికొచ్చి, వసారాలో నులకమంచం మీద పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు.

అక్క బస్సు కండక్టరు చేత కబురంపితే ఆదివారం వెళ్ళాను. బావ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. పలకరిస్తే నా వైపు చూశాడు. చూసి, వసారా కప్పు వైపు తిరిగాడు.

"ముద్ద పెడితే తింటన్నాడు. పెట్టకపోతే అడగడు," అంది అక్క. "పెరట్లోకి ఎల్లడానికి లెగుత్తన్నాడు, మళ్ళీ అదే మంచం. మాటన్నది నేదురా తమ్ముడూ. వాళ్ళ నాన్న కూడా ఇలగే పడుకున్నాడట. మరి దిగనేదు. నలుగురూ దింపినారు."

"నువ్వలాటి మాటలు మాటాడకు. నేనున్నాను కదా," అన్నాను.

"నువ్వుండి ఏటి సేత్తావు?"

నాకు తెలీదు. కానీ తెలీదని చెప్పే అలవాటు నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా ఆఫీసువాళ్ళం కలిసే క్లబ్బులో హెడ్ గుమాస్తా ఉండేవాడు. భార్య పోయాక ఆయన పిచ్చివాడిలా తిరిగి, క్లబ్బులో ఎవరో బలవంతాన ఆటకి కూర్చోబెడితే మెల్లగా మనుషుల్లో పడ్డాడు. అది కళ్ళారా చూశాను. బావకీ అదే మందు అనుకున్నాను.

"ఆట నేర్పుతాను," అన్నాను.

అక్క నా మొహం వంక చూసింది. "ఆయనకా? తోటెండిపోతంటే ఆటేటిరా? నీకు గానీ మతి పోనేదు కదా?"

"మనసు మళ్ళాలి అక్కా. మళ్ళితే మనిషి లేస్తాడు."

"లెగిత్తే నీ కాళ్ళు కడిగి నెత్తిన సల్లుకుంటాను," అంది. వెటకారమనుకున్నాను. కాదని ఆమె గొంతులో తెలిసింది.

తర్వాతి ఆదివారం పేక తీసుకెళ్ళాను. మంచం పక్క పీట వేసుకుని, ముక్కలు విసనకర్రలా విప్పి బావ గుండెలమీద పరిచి, రాజెవరో రాణెవరో చెప్పాను. బావ ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాడు. అక్క గుమ్మంలో ఊపిరి బిగబట్టింది. ఆయన దాంతో చెంపమీద ఈగని తోలుకుని పక్కన పెట్టేశాడు. రెండోసారి చదరంగం. టెక్కలి మొత్తానికి చదరంగంలో నన్ను ఓడించినవాడు లేడని చెప్పుకునేవాణ్ణి. అక్కడ ఆడేది ఇద్దరమే. రెండోవాడు ఎత్తు ఎత్తుకీ మధ్య కునుకు తీసేవాడు. గుర్రం ఎలా దూకుతుందో, మంత్రి ఎంత దూరం పోతాడో ఓ గంటసేపు బావకి వివరించాను. ఆయన బంటుని పట్టుకుని దాని కర్రని గోటితో గీరి చూశాడు, ఏ చెట్టుదో అని కాబోలు. తర్వాత నా చేతిలో పెట్టేశాడు.

"ఈ మాత్రం దానికి అక్కణ్ణించి వొచ్చినావా బావూ?" అంది పక్కింటి పిన్ని. ఆవిడ బావకి చిన్నాన్న భార్య. గోడకి అటుపక్క ఉన్నా ఇటుపక్క మాటలన్నీ ఆవిడవే. "కొయ్యబొమ్మలు బల్లమీదున్నాయి, మంచంమీద ఇంకోటున్నాది."

"పిన్నీ, నువ్వూరుకో," అంది అక్క.

మూడోది నా బ్రహ్మాస్త్రం. మా ఆఫీసులో ఒకడి బావమరిది ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసేవాడు. సెలవులకొస్తూ ఒక ఏటవాలు పెట్టె పట్టుకొచ్చాడు. పక్కనున్న స్ప్రింగు లాగి వదిలితే ఉక్కు గోళీ పైకి ఎగిరి, మేకుల మధ్య తగులుకుంటూ, గలగలమంటూ కిందికి దొర్లేది. మధ్యలో గూళ్ళుండేవి, ఒక్కో గూటికీ ఒక్కో అంకె. ఇప్పటి వీడియో గేములకి అది తాత లాంటిదనుకోవచ్చు. నేర్చుకోవడానికేమీ లేదు, లాగి వదలడమే. బావ చెయ్యి పట్టుకుని నేనే స్ప్రింగు లాగించాను. గోళీ ఎగిరింది, గలగలమంది, మేకులన్నీ తప్పించుకుని అడుగున పడింది. మళ్ళీ లాగించాను. మళ్ళీ అడుగునే. ఎంత ఎత్తుకెగిరినా ఆ రోజు ఒక్క గోళీ కూడా గూట్లో నిలవలేదు. బావ చూసినంతసేపు చూసి కళ్ళు మూసుకున్నాడు. అప్పటిదాకా పగలు ఆయన కళ్ళు మూయడం నేను చూడలేదు. నేను వచ్చాక ఆయన ఇంకాస్త కిందికి పోయినట్టనిపించింది. అక్క అన్నం పెట్టింది, నా పక్కన కూర్చుంది, తను తినలేదు.

క్యారంబోర్డు ఆఖరు ప్రయత్నం. క్లబ్బుదే, హెడ్ గుమాస్తాని బతిమాలి తీసుకున్నాను. దాన్ని టెక్కలి నుంచి పలాసకి బస్సు టాపుమీద, అక్కణ్ణించి ఇంకో బస్సులో, దిగాక ఇసక దారిన నెత్తిమీద మోశాను. ఏడు మైళ్ళు మోశానని చెబుతుంటాను. మైలు దాటి ఉండదు. దారిలో ఎదురైనవాళ్ళందరూ ఆగి అడిగేవాళ్ళే.

"ఏటి బావూ అది, తలుపా?"

"కాదు, ఆట."

"అంతాటా?"

తీరా ఇంటికొచ్చి చూసుకుంటే పౌడరు డబ్బా లేదు. బస్సులో మరిచిపోయాను. పౌడరు లేకపోతే బిళ్ళ జరగదు. స్ట్రైకరు కొడితే బల్లమీద నాలుగంగుళాలు పాకి ఆగిపోతోంది. ఇంట్లో మొహానికి రాసుకునే పౌడరన్నా ఉందా అంటే, తుఫానుకి కొట్లే మూతపడ్డాయి, పౌడరెక్కడిదంది అక్క. అప్పుడు నాకు తట్టింది. నౌపడ కయ్యల్లో పండిన ఉప్పు ఇంట్లో ఎప్పుడూ బస్తాతో ఉంటుంది. మెత్తగా దంచి చల్లితే?

"బల్లమీద ఉప్పేటిరా?" అంది అక్క.

"క్లబ్బులో పౌడరైపోతే మేం చేసేది అదే," అన్నాను. ఎవరూ, ఎప్పుడూ, ఎక్కడా చెయ్యలేదు.

అక్క రోట్లో వేసి పిండిలా దంచింది. పొద్దున ఎండ చురుక్కుమంటోంది, గాలి పడమట నుంచి పొడిగా వీస్తోంది. ఉప్పు చల్లి స్ట్రైకరు వదిలితే అద్దంమీద పోయినట్టు పోయింది. బోర్డు మంచానికి ఆనించి, బావకి కనబడేలా పెట్టి, అక్కని ఎదురుగా కూర్చోమన్నాను.

"నానా? నాకేటి తెలుసు?"

"ఆకుమీద వాలిన ఈగని వేలితో ఎగరగొట్టినట్టు కొట్టు. అంతే."

కొట్టింది. నల్లబిళ్ళ సూటిగా గుంటలో పడింది. అది గాలివాటమనుకున్నాను. రెండోది పడింది. నేను తప్పాను, ఆమె మళ్ళీ వేసింది. మా అక్కకి పెళ్ళి కాకముందు చూసిన నవ్వు, పళ్ళన్నీ కనబడే నవ్వు, ఒక్కసారి బయటికొచ్చేసింది. వెంటనే కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

గోడమీంచి పిన్ని తల లేచింది. "మొగుడు మంచంలో, పెళ్ళాం ఆటలో. బాగున్నాదమ్మా!"

"నువ్వూ ఓ సెయ్యి వేత్తావేటి పిన్నీ?" అన్నాను.

"నాకెందుకు బావూ, నాకు సేతినిండా పనున్నాది," అందిగానీ తల దించలేదు. పైగా కాసేపటికి, "ఆ తెల్లదాన్ని కొట్టవే, వోరగా ఉన్నాది," అని సలహా కూడా చెప్పింది.

బావ మాత్రం చూస్తున్నాడు. కప్పువైపు కాదు, బోర్డువైపు. బిళ్ళ ఎటు పోతే కళ్ళు అటు పోతున్నాయి. అక్క అది చూసింది. నాకు సైగ చేసింది. ఇద్దరం మాటలాపేసి, ఆయన చూపు తెగిపోతుందేమోనని భయపడుతూ ఆడాం. నేను కావాలని ఓడిపోతున్నానని అక్కడున్న అందరికీ అనిపించేలా ఓడిపోయాను. నిజానికి నా శాయశక్తులా ఆడుతున్నాను.

మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. సముద్రం మీంచి తేమ మోసుకుంటూ రావడం మొదలైంది. ఆ ఊళ్ళో పుట్టిన పసివాడికైనా తెలిసిన విషయం, ఉప్పు చెమరుస్తుందని. అక్కకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన చూస్తున్నాడన్న సంబరంలో ఇద్దరికీ గుర్తులేదు. స్ట్రైకరు బరువెక్కింది. జారాల్సింది గీరుకుంటూ పోయి మధ్యలో అంటుకుపోయింది. నేను ఇంకో గుప్పెడు చల్లాను. అదీ తడిసింది. మరో గుప్పెడు. బోర్డు మధ్యలో తెల్లగా, గరుగ్గా పెచ్చు కట్టింది.

మంచం కిర్రుమంది. బావ లేచి కూర్చున్నాడు. కాళ్ళు కింద పెట్టాడు. వచ్చి బోర్డు మీదికి వంగి, పెచ్చుని వేలితో గీరి, నాలికమీద వేసుకున్నాడు.

"ఎవడేసినాడిది?"

అన్నాళ్ళు వాడని గొంతు. బొంగురుగా ఉంది.

"నేనే బావా," అన్నాను గర్వంగా. "జారడానికి."

"ఉప్పేసినావా?"

బావ పెరట్లో ఉన్న బకెట్టు తెచ్చి నీళ్ళు బోర్డుమీద కుమ్మరించాడు. బిళ్ళలన్నీ వసారాలోంచి వాకిట్లోకి కొట్టుకుపోయాయి. భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. వేలు రాసి నాలికమీద పెట్టుకున్నాడు. "ఇంకా ఉన్నాది," అన్నాడు. మళ్ళీ నీళ్ళు తెచ్చాడు. మళ్ళీ తుడిచాడు. పలుచని చెక్క నీళ్ళకి నాని మధ్యలో బుడిపెలా ఉబ్బింది. అయినా ఆపలేదు. "ఇంకా ఉన్నాది."

"లెగిసినాడురా," అంది అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని. ఆమె కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. "తమ్ముడూ, లెగిసినాడురా! పిన్నీ, సూడు, లెగిసినాడు!"

బావ బోర్డు వదిలేశాడు. బకెట్టు పట్టుకుని పెరటి గుమ్మం దాటి తోటలోకి నడిచాడు. మేమిద్దరం వెనకాలే పరిగెత్తాం. తోటలో నుయ్యి ఉంది. చేదతో నీళ్ళు తోడి, బకెట్టు నింపి, దగ్గరున్న పనసచెట్టు మొదట్లో పోశాడు. మళ్ళీ తోడాడు. మళ్ళీ పోశాడు. చీకటిపడేదాకా అదే పని.

ఆ వారం టెక్కలిలో నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. మూగవాణ్ణి మాట్లాడించానన్నాను, మంచంలో ఉన్నవాణ్ణి నడిపించానన్నాను. క్యారంబోర్డు ఏమైందని హెడ్ గుమాస్తా అడిగితే ఉప్పుటేటిలో కొట్టుకుపోయిందనీ, దానికోసం సగం ఏరు ఈదాననీ చెప్పాను. నాకు ఈత రాదు. ఆయన నా మాట నమ్మలేదనుకుంటాను, కానీ బావ లేచాడని విని బోర్డు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

తర్వాతి ఆదివారాలు వెళ్ళినప్పుడల్లా బావ తోటలోనే ఉండేవాడు. తెల్లారగానే బకెట్లతో దిగేవాడు, మధ్యాహ్నం అక్క తోటలోకే అన్నం తీసుకెళ్ళేది. ఒకటీ అరా మాటాడేవాడు. "పొద్దుగూకేసరికి ఈ మూల అయిపోద్ది," అనేవాడు. మూల అయిపోయేది. మర్నాడు ఎండకి అక్కడ మళ్ళీ తెల్లగా పైకి తేలేది. ఊళ్ళో పెద్దవాళ్ళు వచ్చి చెప్పారు: ఇది చేత్తో కడిగితే పోయే ఉప్పు కాదు, వానలు కడగాలి, ఎన్నేళ్ళు కడగాలో ఎవరూ చెప్పలేరు, పల్లంలో కడిగిన నీళ్ళు పోవడానికి దారే లేదు. బావ విన్నాడు. వాళ్ళు వెళ్ళేదాకా మర్యాదగా నిలబడి, వెళ్ళాక చేద వేశాడు. పనసాకులు రాలిపోయాయి. జీడికొమ్మలు పట్టుకుంటే పటుక్కున విరిగేవి. ఆయన చేతులు బొబ్బలెక్కి, పగిలి, ఆ పగుళ్ళలో ఉప్పు మంటకి రాత్రిళ్ళు నిద్రపోయేవాడు కాదని అక్క చెప్పింది. ఆ తోట మళ్ళీ పచ్చబడలేదు.

ఒక ఆదివారం ఎండన పడి వచ్చాను. దాహమేసి, నూతి గట్టుమీదున్న బకెట్టులోంచి దోసిలి పట్టుకుని తాగబోయాను. నోట్లోకి పోగానే ఉమ్మేశాను. అక్క అన్నం గిన్నె దించి చెట్టుకింద కూర్చుని ఉంది. ఆమె దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి చెప్పాను.

"అక్కా, నుయ్యి కూడా ఉప్పెక్కిపోయింది. ఈ నీళ్ళు పోస్తే ఉన్న ఉప్పుకి ఇంకా తోడు."

"నీకియ్యాల తెలిసిందేటి?" అంది.

"తెలిసీ బావకి చెప్పలేదా?"

"ఆయనకి తెల్దనుకున్నావా? నువ్వు బోర్డు తెచ్చిన్నాడే, మొదటి బకెట్టు తోడగానే నోట్లో పోసుకున్నాడు. నువ్వు నా ఎనకాల ఎగురుతున్నావు, సూళ్ళేదు. ఉమ్మేసినాడు. ఉమ్మేసి, ఆ నీళ్ళే పనస మొదట్లో పోసినాడు."

"మరి ఆపవేం?"

"ఆపితే ఎక్కడికెల్తాడు?" అంది. వసారా ఉన్న వైపు చూసింది. "నువ్వు సెప్పు. మంచం ఇంకా అక్కడే ఉన్నాది."

 

బావ ఖాళీ బకెట్టుతో చెట్ల మధ్యనుంచి వచ్చాడు. చిక్కిపోయాడు, ఎండకి నల్లబడ్డాడు. నన్ను చూసి ఆగాడు. మేం మాట్లాడుకున్నది విన్నాడో లేదో ఆయన మొహంలో తెలియలేదు.

"కూకున్నావేటి?" అన్నాడు. "ఆ రెండో బకెట్టు అందుకో."

అక్క నా వంక చూడలేదు. నేను లేచి చొక్కా విప్పి కొమ్మకి తగిలించి, బకెట్టు అందుకున్నాను. ఆయన చూపించిన జీడిచెట్టు దగ్గరికి మోసుకెళ్ళాను. ఆకన్నది లేదు దానికి. "సుట్టూ పొయ్యి. ఒక్క సోటే కాదు," అన్నాడు. చుట్టూ పోశాను. ఇసక చప్పుడు చేస్తూ పీల్చుకుంది. ఆయన అది చూడడానికి ఆగకుండా పక్క చెట్టుకి వెళ్ళిపోయాడు.